బలం మందులకూ ఓ వరస ఉంది!

"తాగినన్నాళ్లూ ఈయన బాగానే ఉన్నారు డాక్టరుగారూ... మానేశాకే ఇలా అయిపోయారు."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు, భయం ఉంది. పక్క కుర్చీలో కూర్చున్న భర్తకు యాభై ఏళ్లుంటాయి. ఇరవై ఏళ్ల తాగుడు మానేసి అప్పటికి రెండు నెలలు. కళ్లు పచ్చబడి, పొట్టలో నీరు చేరాక పెద్దాసుపత్రిలో చేర్చారు. లివర్ బాగా దెబ్బతిందని చెప్పారు. అక్కణ్నుంచి వచ్చాక ఆయన చుక్క ముట్టలేదు. కానీ, రాత్రి ఒంటిగంటకో రెండింటికో పిక్కలు పట్టేసి కేకలు పెడుతున్నారు. చేతులు సన్నగా వణుకుతున్నాయి. అన్నం సయించడం లేదు. నాలుగు మెట్లెక్కితే తొడలు పీకేస్తున్నాయి. 'ఒక్కసారిగా మానేస్తే అంతే, కొద్దిగా పుచ్చుకుంటే సర్దుకుంటుంది' అని చుట్టాల్లో ఒకాయన సలహా కూడా ఇచ్చాడట!

ఆవిడ సంచిలోంచి ఓ ప్లాస్టిక్ కవరు తీసి బల్లమీద కుమ్మరించారు. కాల్షియం బిళ్లలు, రక్తం పట్టడానికి ఐరన్ టానిక్కు, విటమిన్ డి పొడి ప్యాకెట్లు, నరాల బలానికని ఇంకేదో మందు, రోజూ పరగడుపున వేసుకునే గ్యాసు బిళ్లలు. ఇవి చాలవన్నట్టు నీరసం అనిపించినప్పుడల్లా ఊళ్లో ఓ సెలైన్ బాటిల్.

"ఇన్ని వాడుతున్నా బలం రావడం లేదేంటండీ?"

ఇలాంటి ప్రశ్న మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో కూడా వినిపిస్తూ ఉండొచ్చు. తాగుడు మాన్పించడానికి మన ఆడవాళ్లు పడిన కష్టం అంతా ఇంతా కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా మీద మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రాన్నే కదిలించింది. కానీ మానిన మనిషిని మళ్లీ నిలబెట్టడం ఎలాగో వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. నీరసం తట్టుకోలేక మళ్లీ సీసా పట్టినవాళ్లను నేను చాలామందిని చూశాను. అందుకే ఈ వారం ఆ సంగతి.

మానడం తప్పు కాదు, పాత అప్పు

ముందుగా ఆవిడకు చెప్పిన మాటే మీకూ చెబుతాను. ఆ నీరసం మానేసినందువల్ల వచ్చింది కాదు. తాగిన రోజుల్లో పేరుకుపోయిన అప్పు ఇప్పుడు కనిపిస్తోంది, అంతే.

మద్యం కడుపు నింపుతుంది, ఒంటికి ఏమీ ఇవ్వదు. తాగేవాళ్లు సరిగ్గా తినరు. తిన్నది పేగులు సరిగ్గా పీల్చుకోవు. పీల్చుకున్న మెగ్నీషియం, జింకు లాంటి ఖనిజాలు మూత్రంలో పోతాయి. వాంతులు, విరేచనాలు అయితే ఇంకొంత నష్టం. లివర్ దెబ్బతిన్నాక పైత్యరసం తగ్గి, కొవ్వులో కరిగే ఏ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టవు. ఆ తర్వాత పొట్టలో నీరు తగ్గడానికి మేమిచ్చే నీరు మాత్రలు కూడా మూత్రంతోపాటు లవణాలను బయటికి పంపిస్తాయి. ఇన్ని దారుల్లో పోతుంటే ఒంట్లో ఏం మిగులుతుంది?

అయితే లోపం ఉందని తెలియగానే దొరికిందల్లా మింగించడం వైద్యం కాదు. కొన్ని ముందు ఇవ్వాలి, కొన్ని తర్వాత ఇవ్వాలి. కొన్ని అసలు ఇవ్వకూడదు.

కనబడని దొంగ.. మెగ్నీషియం

ఆ పెద్దమనిషికి పరీక్ష చేయిస్తే రక్తంలో మెగ్నీషియం 1.1 ఉంది. మామూలుగా 1.7 నుంచి 2.2 దాకా ఉండాలి. అప్పటిదాకా ఆయన ఫైలులో ఈ పరీక్షే లేదు! సోడియం, పొటాషియం అందరూ చూస్తారు. మెగ్నీషియం ప్రత్యేకంగా రాస్తే తప్ప చాలాచోట్ల చేయరు.

ఇది తగ్గితే పిక్కలు పట్టేస్తాయి, చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, గుండె లయ తప్పుతుంది. బాగా పడిపోతే ఫిట్స్ కూడా వస్తాయి. ఇంకో చిక్కు ఏమిటంటే, ఒంట్లో ఉన్న మెగ్నీషియంలో రక్తంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు. మిగతాదంతా ఎముకల్లో, కండరాల్లో, కణాల్లో ఉంటుంది. కాబట్టి రిపోర్టు నార్మల్ అని వచ్చినా లోపల ఖాళీ అయి ఉండొచ్చు. లక్షణాలను బట్టి డాక్టరు నిర్ణయించాల్సిందే.

ఇది తక్కువగా ఉన్నంతకాలం పొటాషియం ఎంత ఇచ్చినా మూత్రంలో కారిపోతూనే ఉంటుంది. కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథి కూడా మెగ్నీషియం లేకపోతే మొరాయిస్తుంది. అందుకే ముందు మెగ్నీషియం లోటు తీర్చకుండా కాల్షియం, పొటాషియం ఎంత పోసినా చిల్లుకుండలో నీళ్లే.

మరి ఆయనకు అంతగా ఎందుకు తగ్గింది? పాత తాగుడు, నీరు మాత్రలు సరే. నెలల తరబడి వాడిన గ్యాసు బిళ్లల పాత్రా ఉండొచ్చు. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ రకం మాత్రలు ఏళ్ల తరబడి వాడితే మెగ్నీషియం తగ్గవచ్చని 2011లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అలాగని మీ అంతట మీరు ఆపేయొద్దు. రక్తపు వాంతులు అయినవాళ్లకు అవి అవసరం కావచ్చు. 'ఇది ఇంకా కావాలా?' అని అడగండి, చాలు.

కాల్షియం.. ఓ చిన్న లెక్క

ఆయన రిపోర్టులో కాల్షియం 7.6 అని ఉంది. మామూలుగా 8.5కి పైన ఉండాలి. ఆ అంకె చూసే ఎవరో కాల్షియం బిళ్లలు మొదలుపెట్టించారు. కానీ అక్కడే ఓ మెలిక ఉంది.

రక్తంలో కాల్షియం దాదాపు సగం అల్బుమిన్ అనే ప్రొటీనును పట్టుకుని తిరుగుతుంది. ఆ అల్బుమిన్‌ను తయారు చేసేది లివరే. లివర్ దెబ్బతింటే అల్బుమిన్ తగ్గుతుంది, దాంతోపాటు రిపోర్టులో కాల్షియం అంకె కూడా తగ్గుతుంది. ఒంటికి పనికొచ్చే కాల్షియం మాత్రం బాగానే ఉండొచ్చు. అల్బుమిన్ 4 ఉండాల్సినచోట ఆయనకు 2.2 ఉంది. తేడా 1.8. దాన్ని 0.8తో హెచ్చవేస్తే 1.44. దాన్ని 7.6కి కలిపితే 9.04. అంటే ఆయనకు కాల్షియం లోపమే లేదన్నమాట! అనుమానం ఉంటే అయనైజ్డ్ కాల్షియం పరీక్ష చేయిస్తే తేలిపోతుంది. కొందరికి నిజంగానే తగ్గుతుంది. అప్పుడు కూడా ముందు మెగ్నీషియం, విటమిన్ డి చూశాకే కాల్షియం.

సెలైన్ బాటిల్‌లో ఉప్పెంత?

నీరసం అనగానే సెలైన్ ఎక్కించుకోవడం మన ఊళ్లలో పెద్ద అలవాటు. పొట్టలో నీరు చేరినవాళ్లకు ఇది ఎంత చేటో లెక్క చూడండి. లీటరు నార్మల్ సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. అర లీటరు బాటిల్‌లో నాలుగున్నర గ్రాములు. ఇలాంటివాళ్లు రోజు మొత్తానికి తినాల్సిన ఉప్పే సుమారు 5 గ్రాములు, అంటే ఓ చెంచాడు! ఒక్క బాటిల్‌తో ఆ కోటా దాదాపు అయిపోయినట్టే. ఆ ఉప్పు నీటిని పట్టుకుంటుంది. నీరు పొట్టలోకి, కాళ్లలోకి చేరుతుంది.

మరి రిపోర్టులో సోడియం తక్కువ అని వస్తుందేం? చాలామంది ఇళ్లలో పొరబడేది ఇక్కడే. 'సోడియం తగ్గిందట' అని మజ్జిగలో మరికాస్త ఉప్పు వేసి ఇస్తారు. నిజానికి వీళ్ల ఒంట్లో ఉప్పు తక్కువేమీ కాదు, నీరు మరీ ఎక్కువైంది. పులుసులో నీళ్లు ఎక్కువైతే ఉప్పు చాలనట్టే ఉంటుంది కదా, ఇదీ అంతే. సోడియం పడిపోతే నీరు మాత్రలు తగ్గించాలో, నీళ్లు తాగడం తగ్గించాలో డాక్టరు చెబుతారు. మీరు మాత్రం ఆవకాయ, మాగాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు పక్కన పెట్టండి.

పొటాషియం.. అటూ ఇటూ గండమే

పొటాషియం తగ్గితే కండరాల్లో సత్తువ ఉండదు. అంతేకాదు, మూత్రపిండాల్లో అమ్మోనియా తయారీ పెరుగుతుంది. లివర్ బాగున్నవాళ్లలో అది శుభ్రపడిపోతుంది. దెబ్బతిన్నవాళ్లలో మెదడుకు చేరి తికమక, మాట తడబాటు, పగలు నిద్ర, రాత్రి మెలకువ మొదలవుతాయి. లాక్ట్యులోజ్ సిరప్ వాడుతున్నవాళ్లకు రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయితే చాలు. 'ఎక్కువ తాగితే ఎక్కువ మంచిది' అనుకుని ఏడెనిమిదిసార్లు అయ్యేలా తాగిస్తే నీళ్లతోపాటు పొటాషియం, మెగ్నీషియం కూడా పోతాయి.

అలాగని పొటాషియం పెంచే పనీ సొంతంగా చేయొద్దు. నీరు మాత్రల్లో ఫ్రూసెమైడ్ పొటాషియాన్ని తగ్గిస్తుంది, స్పైరోనోలాక్టోన్ పెంచుతుంది. స్పైరోనోలాక్టోన్ వాడుతూ రోజూ కొబ్బరినీళ్లు తాగినా, 'లో సోడియం' ఉప్పు వాడినా పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. ఆ ఉప్పులో సోడియానికి బదులు కలిపేది చాలావరకు పొటాషియమే. మూత్రపిండాలు కూడా నీరసించినవాళ్లకు అది గుండెకే ముప్పు.

నోటికి రుచి లేదంటే..

'ఏం వండినా చప్పగా ఉందంటారండీ' అని భార్యలు చెప్పే ఫిర్యాదు వెనక చాలాసార్లు జింకు లోపం ఉంటుంది. లివర్ గట్టిపడినవాళ్ల రక్తంలో జింకు తగ్గుతుందని 1956లోనే హార్వర్డ్‌లో బెర్ట్ వాలీ బృందం గుర్తించింది. జింకు తగ్గితే రుచి, వాసన మందగిస్తాయి. చర్మం పొలుసులు రేగుతుంది, పుండ్లు త్వరగా మానవు, మసక వెలుతురులో చూపు తగ్గుతుంది. అమ్మోనియాను యూరియాగా మార్చే పనిలోనూ జింకు అవసరం. రుచి తెలియక తినరు, తినక జింకు ఇంకా తగ్గుతుంది. ఈ చక్రం తెగాలంటే డాక్టరు చెప్పినన్నాళ్లు జింకు వాడాలి. ఏళ్ల తరబడి వాడితే రాగి తగ్గిపోతుంది, అదీ గుర్తుంచుకోవాలి.

ఐరన్ టానిక్కు సంగతి వేరు. మద్యం వల్ల పేగులు ఇనుమును అవసరానికి మించి పీల్చుకుంటాయి. ఆ ఇనుము లివర్‌లోనే చేరి దాన్ని మరింత పాడుచేస్తుంది. పాలిపోయినంత మాత్రాన ఐరన్ తక్కువని అనుకోవద్దు. ఫెర్రిటిన్ లాంటి పరీక్షలు చూశాక, ఎక్కడైనా రక్తం పోతోందేమో తేల్చాకే అది వాడాలి.

ఎండ నుంచి ఎముక దాకా

విటమిన్ డి మన చర్మంలో ఎండ తగిలి తయారవుతుంది. కానీ అలా తయారైంది నేరుగా పనికిరాదు. ముందు లివర్‌కు వెళ్లి ఒక మార్పు, ఆ తర్వాత మూత్రపిండాలకు వెళ్లి ఇంకో మార్పు చెందాలి. మొదటి మజిలీ లివరే. అది చివరి దశకు వచ్చేదాకా ఈ పనిని ఎలాగోలా నెట్టుకొస్తుంది. కానీ తిండి తగ్గడం, పైత్యరసం తగ్గడం, నెలల తరబడి ఇంట్లోనే పడుకోవడం వల్ల అసలు సరుకే అందదు. దానికితోడు మద్యం ఎముకను కట్టే కణాల పని మందగించేలా చేస్తుంది. ఎముకలు గుల్లబారిన మనిషికి కండలు కూడా కరిగిపోయి ఉంటాయి. బాత్‌రూమ్‌లో కాలు జారితే తుంటి ఎముక విరుగుతుంది. లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఆపరేషనూ తేలిక కాదు.

'రోజూ పొద్దున్నే లేత ఎండలో కూర్చోబెడుతున్నామండీ' అంటారు. లేత ఎండ ఒంటికి హాయే గానీ, విటమిన్ డి తయారీకి అది చాలదు. తిరుపతిలో జరిగిన పరిశోధనలో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య ఎండకే ఆ శక్తి ఉందని తేలింది. చలికాలంలో ఆ వేళ చేతులు, కాళ్లు, ముఖానికి తగిలేలా పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోవచ్చు. వేసవిలో మాత్రం నీరసించిన మనిషిని మిట్టమధ్యాహ్నం బయట కూర్చోబెట్టే సాహసం చేయకండి. మందే మేలు.

పరీక్ష చేయించేటప్పుడు '25 హైడ్రాక్సీ విటమిన్ డి' అని అడగండి. 20కి తక్కువ ఉంటే లోపం. 60 వేల యూనిట్ల పొడి ప్యాకెట్లు సాధారణంగా వారానికి ఒకటి చొప్పున, కొన్ని వారాలు మాత్రమే ఇస్తారు. బలం అనుకుని రోజుకొకటి తాగేస్తే రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, మలబద్ధకం, మతి తప్పడం, మూత్రపిండాల దెబ్బ.. ఇలా కొత్త జబ్బు కొనితెచ్చుకున్నట్టే.

గ్లూకోజ్ కన్నా ముందు

వరసలో మొట్టమొదటిది ఖనిజం కాదు, బి1 విటమిన్. దాన్నే థయామిన్ అంటారు. ఒంట్లో చక్కెరను శక్తిగా మార్చడానికి అది కావాలి. తాగేవాళ్లలో దాని నిల్వలు అడుగంటి ఉంటాయి. అలాంటివాళ్లకు ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చు. కళ్లు మెలితిరగడం, తూలిపోవడం, తికమక.. ఈ మూడింటినీ 1881లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. అందుకే గ్లూకోజ్‌కన్నా ముందు థయామిన్ ఇవ్వాలి. చక్కెర బాగా పడిపోయి మనిషి స్పృహలో లేకపోతే మాత్రం గ్లూకోజ్ ఆపకుండా రెండూ కలిపి ఇవ్వాలి. థయామిన్ పనిచేయడానికీ మెగ్నీషియం కావాలి. చూశారా, మళ్లీ అక్కడికే వచ్చాం!

రోజుల తరబడి తిండి లేని మనిషికి ఒక్కసారిగా పెద్ద భోజనం పెట్టినా ప్రమాదమే. రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం ఒక్కసారిగా కణాల్లోకి వెళ్లిపోతాయి. ఫాస్ఫరస్ మరీ పడిపోతే ఊపిరి తీసే కండరాలే నీరసిస్తాయి. కాబట్టి మొదటి కొద్దిరోజులు కొంచెం కొంచెంగా పెంచుతూ, పరీక్షలు చూసుకుంటూ పెట్టాలి.

పథ్యం పేరుతో పస్తు వద్దు

కామెర్లు అనగానే పసరు మందు, చప్పిడి పథ్యం. పప్పు లేదు, గుడ్డు లేదు, గంజి అన్నం తప్ప ఏమీ లేదు. ఈ పద్ధతి లివర్ జబ్బు మనిషిని ఇంకా కుంగదీస్తుంది. దెబ్బతిన్న లివర్‌లో చక్కెర నిల్వలు ఉండవు. మనకు రెండు మూడు రోజులు పస్తుంటే ఒంట్లో జరిగేది వీళ్లకు ఒక్క రాత్రి తినకపోతేనే జరుగుతుంది. ఒళ్లు తన కండనే తాను కరిగించుకుంటుంది. అందుకే వీళ్లకు ఉపవాసాలు పనికిరావు. పడుకునే ముందు రెండు ఇడ్లీలో, పాలతో కాచిన రాగిజావో తప్పకుండా పెట్టండి. షుగర్ ఉంటే డాక్టరుతో మాట్లాడి ఎంతో తేల్చుకోండి.

ప్రొటీన్లు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. వాపుల వల్ల పెరిగిన బరువును ఈ లెక్కలోకి తీసుకోకూడదు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే కాబట్టి పప్పు, పెరుగు, పాలు, గుడ్లు, చేపలు, పెసలు, సెనగలు అన్నీ కావాలి. నువ్వులు, వేరుసెనగలు, గుమ్మడి గింజల్లో మెగ్నీషియం, జింకు రెండూ ఉంటాయి. ఒకేసారి తినలేకపోతే ఐదారుసార్లుగా పెట్టండి.

డాక్టరును అడగాల్సినవి

* మెగ్నీషియం, ఫాస్ఫరస్ పరీక్షలు చేశారా?
* అల్బుమిన్‌తో సరిచూస్తే కాల్షియం ఎంత?
* విటమిన్ డి ఎంత? ప్యాకెట్లు ఎన్ని వారాలు వాడాలి?
* థయామిన్ ఇస్తున్నారా?
* గ్యాసు మాత్ర, ఐరన్ ఇంకా అవసరమా?
* నీరు మాత్రలు వాడుతుంటే సోడియం, పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ ఎప్పుడు చూడాలి?

తికమక, మగత, ఫిట్స్, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, జ్వరంతో పొట్టనొప్పి, మూత్రం తగ్గిపోవడం.. వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకో మాట. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఇంట్లోనే ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతి భ్రమించడం రావచ్చు. అలాగని తాగుడు కొనసాగించమని కాదు, వైద్యుల పర్యవేక్షణలో మానమని. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 'టెలీ మానస్' నంబరు 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే ఉచిత సేవ అది.

ఇంతకీ ఆ దంపతుల సంగతేమైంది? కవరులో ఉన్న మందుల్లో సగం ఆపేశాం. సెలైన్ బంద్. థయామిన్, మెగ్నీషియం, జింకు మొదలుపెట్టి, నీరు మాత్రల మోతాదు సరిచేశాం. రాత్రి పదింటికి రాగిజావ. రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు పిక్కలు పట్టేయడం ఏ పది రోజులకో ఒకసారికి తగ్గిందన్నారు. పూర్తిగా పోలేదు. ఈ జబ్బులో పిక్కలు పట్టేయడానికి ఖనిజాల లోపం ఒక్కటే కారణం కాదు మరి. లివర్ మామూలైపోయిందా అంటే, అదీ కాలేదు.

కానీ, ఆ రోజు ఆయన మెట్లెక్కి తనంతట తాను పైకి వచ్చారు. వెనక వస్తున్న ఆవిడ చేతిలో ఈసారి మందుల కవరు లేదు, పరీక్షల ఫైలుంది.

"మొన్న మా చుట్టం మళ్లీ వచ్చాడండీ" అన్నారావిడ. "'కొద్దిగా పుచ్చుకోకూడదూ' అని ఈయనతో అన్నాడు."

"మరి మీవారేమన్నారు?"

"జావ తాగి వెళ్లమన్నారు!"